లెక్కలోకి రాని పొయ్యి

మా ఆయన రిటైరయ్యాక మూడేళ్లపాటు ఇంట్లో ఒక మనిషి ఉన్నట్టే తెలిసేది కాదు. పేపరు, నడక, భోజనం, కునుకు. అంతే ఆయన దినచర్య. అలాంటి మనిషిని పోయిన చలికాలం మా మనవరాలి హోంవర్కు లేపి నిలబెట్టింది. నిలబెట్టడమేమిటి నా మొహం, ఇల్లంతా పరుగులు పెట్టించింది. ఆ పరుగు చివరికి నా వంటింట్లోకి వచ్చింది, అక్కడ మొదలైంది అసలు తంటా.

అనన్యకి పదకొండేళ్లు. మా అమ్మాయి శ్రీదివ్య కూతురు. వాళ్లిల్లూ మా ఇల్లూ హారిసన్ పేటలోనే, మధ్యలో రెండే వీధులు. వాళ్లమ్మ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరవుతుంది కాబట్టి బడి వదలగానే పిల్ల మా ఇంటికి వచ్చేస్తుంది. జూలైలో, ఇక్కడ చలికాలం అప్పుడే, సెలవులయ్యి బడి తెరిచిన వారం, సంచీ సోఫా మీద పడేసి ఒక కాగితం తీసింది. ఒక ఇంట్లో ఎంత కరెంటు కాలుతోంది, ఎంత గ్యాసు కాలుతోంది, దానివల్ల గాలిలోకి ఎంత కార్బన్ పోతోంది, తొమ్మిది వారాలు కొలిచి పెద్ద అట్ట మీద గీసి చూపించాలట.

"మామ్ అండ్ డాడ్ ఆర్ సో బిజీ. కెన్ ఐ డూ యువర్ హౌస్, తాతా?" అని అడిగింది.

ఈయన పేపరు మడిచి పక్కన పెట్టారు. అయిపోయింది, ఆ పూట నుంచి మళ్లీ పేపరు మొహం చూస్తే ఒట్టు.

మా ఆయన ద్వారకానాథ్ గారు ముప్పై ఆరేళ్లు థర్మల్ పవర్ స్టేషన్లలో పనిచేసిన ఇంజినీరు. మొదట బెజవాడ దగ్గర, తర్వాత ఈ దేశం వచ్చాక హంటర్ వ్యాలీ బొగ్గు ప్రాంతంలో. కొలవమంటే ఆయనకి విస్తరి వేసి పిలిచినట్టే. మర్నాడు పొద్దున ఏడింటికి, గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టి ఉండగా, మంకీ క్యాపు పెట్టుకుని ఇంటి పక్కసందులో గ్యాసు మీటరు ముందు గొంతుక్కూర్చున్నారు. కరెంటు కోసం మెయిన్ బోర్డులో ఒక చిన్న పరికరం పెట్టించారు. ఇంట్లో ఏది వేసినా ఆయన ఫోనులో ఒక గీత లేస్తుంది.

"శేషూ, ఇప్పుడు మైక్రోవేవ్ పెట్టావా?" అని పెరట్లోంచి కేక.

"పెట్టానండీ. మీ సంతకం కావాలా దానికి?"

"అబ్బే, రాసుకుందామని."

దేవుడి దగ్గర దీపాన్ని కూడా వదల్లేదు. రోజుకి ఎంత నూనె పోస్తున్నావని అడిగారు. చెప్పాను, రాసుకున్నారు. ముప్పై ఏళ్లు ఆసుపత్రి ల్యాబులో డాక్టరుగా మైక్రోస్కోపులో చూసి రిపోర్టులు రాసినదాన్ని నేను. కొలిచేవాళ్లంటే నాకూ గౌరవమే. అందుకే దీపం దాకా ఊరుకున్నాను.

మూడో వారానికి అసలు సంగతి తేలింది. మా ఊరి కరెంటంతా గాలిమరల నుంచీ ఎండ నుంచీ కొన్న లెక్కలో వస్తుంది కాబట్టి ఆ వైపు కార్బన్ దాదాపు సున్నా. వచ్చిందల్లా గ్యాసు వైపే. నేలలోని జాలీల్లోంచి వేడిగాలి ఊదే హీటరు ఒకటి, స్నానాల నీళ్ల గీజరు ఒకటి. అనన్య గీసిన మొదటి బొమ్మలో ఆ రెండూ ఎర్రరంగులో కొబ్బరిచెట్టంత పొడుగు లేచాయి. నా పొయ్యి వాటి పక్కన చిటికెడు.

"చూశారా, నా పొయ్యి ఎంతో!" అన్నాను.

"చిటికెడే," అని ఒప్పేసుకున్నారు.

ఆగస్టు సగమయ్యేసరికి పాత హీటరు పోయి గోడకి కరెంటుది వచ్చింది. గీజరు పోయి, ఫ్రిజ్జు పనినే తిరగేసి చేసి నీళ్లు కాస్తుందని చెప్పి ఏదో హీట్ పంపు వచ్చింది. నిజం చెప్పాలంటే సుఖంగానే ఉంది. పాత హీటరు గాలికి గొంతు ఎండిపోయేది, ఇప్పుడు అది లేదు. తలుపుల కింద సందులకి ఈయనే మోకాళ్ల మీద కూర్చుని బ్రష్షుల్లాంటివి అతికించారు. పిల్లా ఆయనా కలిసి టేపుతో కిటికీలు కొలుస్తుంటే, ఇల్లు మళ్లీ చిన్నపిల్లలున్న ఇల్లులా అనిపించింది. నాకు చాలా హాయిగా ఉండేది ఆ రోజుల్లో.

ఇక గ్యాసు వాడేది నా పొయ్యి ఒక్కటే మిగిలింది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఎత్తకపోవడానికి కారణం ఉంది. తొంభై ఒకటిలో మేము ఈ దేశం వచ్చినప్పుడు హంటర్ వ్యాలీలో అద్దెకి తీసుకున్న ఇంట్లో కరెంటు పొయ్యి ఉండేది, ఇనప చుట్టలది. వేడెక్కడానికి ఒక యుగం, చల్లారడానికి ఇంకో యుగం. కందిపప్పు ఉడికేది కాదు, ఉడికితే మాడేది. మంట కనపడని పొయ్యి ముందు నిలబడి ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలుసు. అప్పుడు మా ఆయన, "ఇక మనం ఏ ఇల్లు కొన్నా నీకు మంట ఉన్న పొయ్యి ఉంటుంది, అది నా మాట" అన్నారు. ఆ తర్వాత మూడు ఇళ్లు మారాం. మూడింట్లోనూ, గదులెన్నో చూడకముందే వంటింట్లోకెళ్లి గ్యాసు ఉందా లేదా చూసేవారు. అలాంటి మనిషి పొయ్యి తీసేద్దామని ఏ నోటితో అంటారు?

అనలేదు కానీ ఒక శనివారం దగ్గర్లోని గంగాలిన్ బజారుకి వెళ్లి, బల్ల మీద పెట్టుకునే ఇండక్షన్ పొయ్యి ఒకటి తెచ్చారు.

"ఇదెందుకండీ?"

"అనన్య ఎక్స్‌పెరిమెంటుకి. అర లీటరు పాలు దేని మీద ముందు కాగుతాయో చూడాలట."

"కదూ?" అని నేను పిల్ల వైపు చూస్తే, అది తాత వైపు చూసింది.

సరే, కొత్త పొయ్యి. బొట్టు పెట్టకుండా ఎలా వెలిగిస్తాం? పసుపు తడిపి ముందువైపు నల్లటి అద్దం మీద చక్కగా రాశాను, నడుమ కుంకుమ పెట్టాను. స్విచ్చులంటూ ఏమీ కనపడవు కదా దానికి, అద్దంలోనే ఉంటాయని నాకెవరు చెప్పారు? నేను రాసింది సరిగ్గా వాటి మీదే. వెంటనే కీచు కీచుమని మొదలుపెట్టి, ఏవేవో అంకెలు చూపించి, తాళం బొమ్మ వేసుకుని కూర్చుంది.

"అమ్మమ్మా, యు లాక్డ్ ఇట్!" అని అనన్య పొట్ట పట్టుకుని నవ్వింది. ఈయన నవ్వు ఆపుకుంటూ తడిగుడ్డ తెచ్చి తుడిచారు. నేను పట్టు వదలకుండా పక్కన అంచు మీద మళ్లీ పెట్టాను.

పాలు పోశాం. పిల్ల ఫోనులో టైము నొక్కింది. రెండు నిమిషాలు దాటీ దాటకముందే పాలు బుస్సున లేచాయి. ఈయన ఆపబోతే, "ఉండండి, మొదటిసారి, పొంగాలి" అని చెయ్యి పట్టుకున్నాను. పొంగాయి. పొంగి ఆ అద్దమంతా పరుచుకున్నాయి. పొయ్యి మళ్లీ ఒక్క అరుపు అరిచి తనంతట తనే ఆరిపోయింది.

"బాగుందండీ! పాలు పొంగితే ఆగిపోయేది కూడా ఒక పొయ్యేనా? శుభానికి పనికిరాంది ఇంట్లో ఎందుకు?" అని నడుం మీద చేతులు పెట్టుకుని అడిగాను.

ఆయన శుభ్రంగా తుడిచి, అట్టపెట్టెలో సర్దేసి, సామాన్ల గదిలో పై అరలో పెట్టి వచ్చారు. "నీ పొయ్యి ఎక్కడికీ పోదులే శేషూ. మాటిచ్చానుగా," అన్నారు. గెలిచానని ఆ సాయంత్రం గారెలు వేశాను. ముగ్గురమూ కడుపునిండా తిన్నాం.

ఆ తర్వాత వారం ఒక మధ్యాహ్నం, ఎండ వెచ్చగా ఉందని తాతా మనవరాలూ వెనక మెట్ల మీద కూర్చున్నారు. నేను కిటికీ ఇవతల చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. వినాలని వినలేదు, వినపడింది.

"తాతా, యు మేడ్ ఎలెక్ట్రిసిటీ, రైట్? ఫ్రమ్ వాట్?"

"బొగ్గుతో అమ్మా."

"హౌ మచ్?"

"బెజవాడ దగ్గర నేను చూసిన యూనిట్ ఒక్కటే గంటకి నూట నలభై టన్నులు తినేది. పగలూ రాత్రీ."

పిల్ల పెన్సిలు చప్పుడు వినపడింది, తర్వాత అదీ ఆగిపోయింది. "డిడ్ యు నో? అబౌట్ ద కార్బన్?"

"మొదట్లో తెలీదు. తర్వాత తెలిసింది. తెలిసినా పనికి వెళ్లాను. మేం ఆపితే ఆసుపత్రులు ఆగిపోతాయిగా. అదీ నిజమే."

"ఆర్ యు సారీ?"

"సారీ అని ఎలా అంటాను? ఎన్నో ఊళ్లలో లైట్లు వెలిగాయి. కానీ చూడమ్మా, ఏమీ కాల్చని ఇంట్లో కొన్నాళ్లు బతికి చూడాలని ఉంది. వచ్చే ఏడాది నాకు డెబ్భై. ఆలోపల."

"దెన్ గెట్ రిడ్ ఆఫ్ ద స్టవ్!"

"అది మీ అమ్మమ్మది."

"జస్ట్ ఆస్క్ హర్."

"అడగను."

"వై?"

"అడిగితే ఇచ్చేస్తుంది. అందుకని."

నాకు ఒళ్లు మండింది. అడిగితే ఇచ్చేస్తానని ఈయనకెవరు చెప్పారు? నలభై రెండేళ్ల కాపురంలో ఆయన అడగ్గానే నేను ఇచ్చేసినవి ఏమున్నాయని? ఇవ్వనే ఇవ్వను, చూస్తూ ఉండండి అనుకున్నాను. అనుకుంటూ చూస్తే, ఈనెలు గిన్నెలోనూ చిక్కుళ్లు చెత్తలోనూ వేస్తున్నాను. కళ్లు తుడుచుకుని మళ్లీ ఏరుకున్నాను. ఇద్దరిలో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సెప్టెంబరు సగమయ్యాక అనన్య పెద్ద అట్ట తెచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. ఎడమవైపు జూలై, ఎర్రస్తంభాలు. కుడివైపు సెప్టెంబరు, దాదాపు అన్నీ ఆకుపచ్చరంగు. దీపానికి కూడా సన్నటి ఎర్రగీత గీసింది బంగారుతల్లి. ముచ్చటేసి మొత్తం చదివాను. రెండుసార్లు చదివాను.

"మరి నా పొయ్యి ఏదే?"

పిల్ల తల వంచుకుని రంగు వేసుకుంటూ, "తాతా సెడ్ డోంట్ కౌంట్ దట్ వన్," అంది.

ఆయన సోఫాలో టీవీ చూస్తున్నారు. తల తిప్పలేదు.

ల్యాబులో ఉండగా నా దగ్గర జశ్వంత్ అని ఒక కుర్రడాక్టరు ఉండేవాడు. ఒకసారి బాగోని రిజల్టు ఒకటి పక్కన పెట్టేశాడని వాణ్ణి నిలబెట్టి గంటసేపు చీవాట్లేశాను. చిన్నదైతే చిన్నదని రాయి, పెద్దదైతే పెద్దదని రాయి, రాయకపోవడం మాత్రం మన పని కాదు అని. ఈయనా ఆ జాతి మనిషే. మంచులో కూర్చుని చివరి అంకె దాకా రాసుకున్న మనిషి. దీపంలో నూనెని వదలని మనిషి. అలాంటాయన నా కోసం లెక్క దాచారు. పదకొండేళ్ల పిల్లచేత దాయించారు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అది ఎంతోసేపు నిలవలేదు.

ఎర్రపెన్సిలు తీసుకుని నేనే గీశాను, చిటికెడంత స్తంభం. పక్కన 'అమ్మమ్మ వంట' అని రాశాను.

"ఇది తుడిచావో, ఊరుకోను," అన్నాను పిల్లతో.

మర్నాడు పొద్దున ఆయన నడకకి వెళ్లగానే స్టూలు వేసుకుని పై అరలోంచి ఆ పెట్టె దింపాను. ఒక్క శాంపిలుతో తీర్పు చెప్పకూడదని అందరికీ పాఠాలు చెప్పినదాన్ని. ఒక్కసారి పాలు కాచి ఆ పొయ్యిని ఉరి తీశాను కదా! ఆయన నడక ముప్పావుగంట. ఆ ముప్పావుగంట నాది.

ముందు గిన్నెలు. అయస్కాంతం అంటుకునే గిన్నెలే దీనికి పనికొస్తాయని పెట్టె మీద రాసి ఉంది. ఇంట్లో అయస్కాంతమంటే ఫ్రిజ్జు తలుపు మీద ఉన్న వెంకటేశ్వరస్వామి ఒక్కడే. స్వామిని తీసుకుని వంటిల్లంతా తిప్పాను. నా ఇత్తడి గిన్నెలు వేటినీ ఆయన ముట్టుకోలేదు, జారి కింద పడ్డారు. అల్యూమినియం మూకుడుకీ అంతే. స్టీలులో సగం. చవకని ఎప్పుడో పక్కన పడేసిన ఇనపపెనానికి మాత్రం టక్కున అతుక్కున్నారు. నవ్వొచ్చింది. లెంపలేసుకుని మళ్లీ ఫ్రిజ్జుకి పెట్టేశాను.

మొదటి రోజు పెసరట్టు మాడింది. రెండో రోజు పోపు. నూనె పోసి అటు తిరిగి ఇంగువ డబ్బా తీసేలోపల ఆవాలు నల్లబడ్డాయి. మంటని కంటితో చూసి తగ్గించుకునే అలవాటు కదా, ఇక్కడ చూడటానికేముంది? అంకెలే. సరే అంకెలైతే అంకెలే అని పాత డైరీ తీశాను. పోపుకి నాలుగు. అట్టుకి ఆరు, తిప్పాక ఐదు. చారు పొంగుకి తొమ్మిది, వెంటనే రెండు. నాలుగో రోజుకి చెయ్యి తిరిగింది. ఆరో రోజు ఉప్మా నా గ్యాసు పొయ్యి మీద కంటే బాగా కుదిరిందని ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉండింది కానీ డైరీలో రాశాను.

కాల్చిన వంకాయ పచ్చడి మాత్రం కుదరలేదు. ఓవెన్‌లో పెట్టి చూశాను, తొక్క ఊడింది, గుజ్జు వచ్చింది, ఆ పొగవాసన రాలేదు. సమానం కాదు, అబద్ధమెందుకు? ఆ రోజు ఆ పచ్చడి ఒక్కదాన్నే తింటూ కాసేపు దిగులుపడ్డాను. ఆయనకి ప్రాణం ఆ పచ్చడంటే, నాకూ ప్రాణమే. మంట పోతే అదీ పోతుంది. పోతుందని డైరీలో రాసుకుని కంచం కడిగేశాను.

పదో రోజు ఆయన నడక నుంచి వచ్చేసరికి ఇండక్షన్ పొయ్యి బల్ల మీదే ఉంచాను. వేడివేడిగా పెసరట్టు వేసి అల్లం పచ్చడితో పెట్టాను. ఆయన పొయ్యిని చూశారు, నన్ను చూశారు, కూర్చుని తిన్నారు.

"ఎలా ఉందండీ?"

"బాగుంది. మొదటి రోజుదాని కంటే చాలా నయం."

"మొదటి రోజుదేంటి? మీరెప్పుడు తిన్నారు?"

"తినలేదు. చెత్తబుట్టలో చూశాను." ఫోను తీసి నా ముందు పెట్టారు. పది రోజులుగా రోజూ పొద్దున ఏడుంబావుకి ఒక గీత నిటారుగా లేచి ఉంది. "రెండో రోజు తొమ్మిది మీద పెట్టావు. పోపు మాడి ఉండాలే."

నా సిగ్గు చిమడ! దొంగతనమంతా గీతలు గీసి ఉంది అక్కడ. "అన్నీ చూస్తూ ఊరుకున్నారా? ఒక్క ముక్క అడగొచ్చు కదా!"

"నువ్వు చెప్పలేదు కదా."

"మీరు అడగలేదు కదా."

"అడగకూడదని..." అని ఆగిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అవసరమైన దానికంటే ఎక్కువసేపే తుడిచారు.

"ఇంకో అట్టు వేస్తాను, ఉండండి," అని లేచాను. "వంకాయ పచ్చడి మాత్రం ఇక ఉండదు. ముందే చెప్తున్నా. తర్వాత నన్ననొద్దు."

"ఉండకపోతే ఉండదులే," అన్నారు. ఆ గొంతు వింటే, డెబ్భై ఏళ్లకి దగ్గరపడ్డ మనిషిదిలా లేదు.

మూడు వారాలకి నాలుగు గిన్నెలు పట్టే కొత్త పొయ్యి గట్టు మీదకి వచ్చింది. శ్రీదివ్య వచ్చి చూసి, "అమ్మా, నువ్వేనా ఒప్పుకుంది? నాన్న ఏం మంత్రం వేశారు?" అని బుగ్గలు నొక్కుకుంది. ఇక గ్యాసు కనెక్షన్ తీయించడం ఒక్కటే మిగిలింది. అది నా పేరు మీద ఉంది, కొన్నప్పుడు ఆయనే అలా రాయించారట. కాబట్టి తీయమని అడగాల్సిందీ నేనే.

అదే రోజు మధ్యాహ్నం ఫోను చేశాను. స్పీకరు పెట్టాను. ఈయన ఎదురుగా కాఫీ గ్లాసు పట్టుకుని, తాగకుండా కూర్చున్నారు. అవతల ఎవరో చిన్నపిల్ల, మర్యాదగా మాట్లాడింది. పేరు, పుట్టిన తేదీ, చిరునామా అడిగింది. మీటరు పూర్తిగా తీసేయాలా, మళ్లీ పెట్టించుకోవడం కష్టమవుతుంది మేడమ్, ఖాయమేనా అంది. ఖాయమే అన్నాను. అయితే చివరగా, మీరు గ్యాసు ఎందుకు వదిలేస్తున్నారో ఒక కారణం రాసుకోవాలి అంది. ఇల్లు మారుతున్నారా, వేరే కంపెనీకి వెళ్తున్నారా, రేట్లు నచ్చలేదా అని వరసగా చదివింది.

నేను మా ఆయన వైపు చూశాను.

"మై హస్బెండ్ నెవర్ ఆస్క్డ్ మి టు," అన్నాను. "దట్స్ ద రీజన్."

అవతల కీబోర్డు చప్పుడు వినపడింది. తర్వాత ఆ పిల్ల మెల్లగా, సారీ మేడమ్, అలాంటిది నా లిస్టులో లేదు అంది.

"అయితే లిస్టులో కలుపుకోమ్మా," అన్నాను.